కప్పు, గుడ్డ, క్యారవాన్

1937లో నెలసరి కప్పుకు అమెరికాలో పేటెంటు పుచ్చుకున్నది డాక్టరు కాదు, ఇంజినీరూ కాదు. లియోనా చామర్స్ అనే నటి. మన ఫీల్డు మనిషేనని హైదరాబాద్ ఫిల్మ్‌నగర్ గర్వపడొచ్చు. కానీ ఆ గుట్ట మీద నెలసరి గురించిన అపోహలు మాత్రం బంగళాలోనూ, దాని వెనక బస్తీలోనూ ఒకటే.

అపోహ: కప్పు డబ్బున్నవాళ్ల సోకు.

వాస్తవం: బజారులో ప్యాడ్ ఆరు రూపాయలు, నెలకు పది అనుకుంటే ఏడాదికి 720. మూడు నాలుగొందల కప్పు జాగ్రత్తగా చూసుకుంటే పదేళ్ల దాకా వస్తుంది. చిక్కల్లా ఆ డబ్బు ఒక్కసారే తియ్యాల్సి రావడం. కృష్ణానగర్‌లో గది అద్దెకు తీసుకుని, రోజు కూలికి వేషం కట్టే జూనియర్ ఆర్టిస్టుకు ప్యాకెట్టు కొనుక్కోవడమే తేలిక. ఆ ఖర్చు లేకుండా కేరళలోని అలప్పుళ మున్సిపాలిటీ 2019లో హెచ్‌ఎల్‌ఎల్ లైఫ్‌కేర్‌తో కలిసి 5,000 కప్పులు ఉచితంగా పంచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో మొదలైన ‘స్వేచ్ఛ’ పథకం ప్రభుత్వ బడుల్లో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఇచ్చింది. మంచి పనే, కానీ ఆ ఉచితం పిల్లల తల్లులకు అందలేదు.

అపోహ: పెళ్లికాని పిల్లలు వాడితే కన్నెరికం పోతుంది. పైగా లోపలికి వెళ్లిపోతుంది.

వాస్తవం: లోపలెక్కడికో వెళ్లిపోయే దారే లేదు. కన్నెరికాన్ని తేల్చే వైద్య పరీక్షంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. కాపర్-టీ ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్ని అడగాలి.

అపోహ: గుడ్డ వాడితే రోగాలు ఖాయం.

వాస్తవం: సబ్బుతో ఉతికి, ఎండలో బాగా ఆరేస్తే శుభ్రమైన నూలు గుడ్డకు వంక పెట్టనక్కర్లేదు. 15–24 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు సగం మంది ఇంకా గుడ్డ వాడుతున్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఒడిశాలో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో గుడ్డ వాడేవారికి ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించిన మాటా నిజమే. అయితే ఒకే గది, నాలుగిళ్లకూ ఒకే కుళాయి, డాబా మీదకి వెళ్తే ఓనరు గొణుగుడు... గుడ్డను లంగా కింద దాచి, చీకట్లో ఆరేస్తే తేమ ఎక్కడికి పోతుంది?

అపోహ: ‘బయోడిగ్రేడబుల్’ అని రాసి ఉంటే మట్టిలో కలిసిపోతుంది.

వాస్తవం: రాత చూసి నమ్మకూడదు. జన ఔషధి ‘సువిధ’ ప్యాడ్ 2019 నుంచి ఒక్క రూపాయికే దొరుకుతోంది. బస్తీ మహిళకు ఆ ధర పెద్ద ఊరట. కానీ అది ‘ఆక్సో-బయోడిగ్రేడబుల్’ రకం. ఆక్సో రకం ప్లాస్టిక్కు మట్టిగా మారకుండా సన్నటి ముక్కలుగా మిగిలిపోతుందన్న కారణంతోనే ఐరోపా సమాఖ్య 2021లో దాన్ని నిషేధించింది. ఏ రకం ప్యాడైనా సరే, వాడాక భద్రంగా చుట్టి ఇవ్వాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. లేదంటే జవహర్‌నగర్ చెత్త యార్డుకు చేరేలోపు దాన్ని చేత్తో ఏరాల్సింది పారిశుద్ధ్య కార్మికులే.

అపోహ: ఉచితంగా పంచితే చాలు, అందరికీ అందినట్టే.

వాస్తవం: అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. హీరోయిన్‌కు క్యారవాన్ ఉంటుంది. గుంపులో నిలబడే అమ్మాయికి? షూటింగుల్లో మరుగుదొడ్డి లేక నీళ్లు తాగడమే మానేస్తున్నారని, నెలసరి రోజుల్లో ఆ బాధ ఇంకా ఎక్కువని మలయాళ సినిమాపై హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటపెట్టింది. దాంతో తెలుగు పరిశ్రమపై సబ్‌కమిటీ ఇచ్చిన నివేదికనూ ప్రచురించమని నటి సమంత తెలంగాణ ప్రభుత్వాన్ని కోరారు.

నిజానికి ఔట్‌డోర్‌కు కప్పే అనువు. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగుతుంది, పారేసే పనీ లేదు. కానీ ఖాళీ చెయ్యడానికి గడియ పడే తలుపు, చేతులు కడుక్కోవడానికి నీళ్లు కావాలి. అలవాటు పడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రిక 43 అధ్యయనాలను పరిశీలించి ప్రచురించిన సమీక్షలో, అలవాటైనవాళ్లలో దాదాపు 70 శాతం కప్పునే కొనసాగిస్తామన్నారు. పక్కన చెప్పేవాళ్లుంటే అలవాటు తేలికవుతుందనీ అందులోనే ఉంది.

అందుకని నిర్మాతలకు ఒక్క విన్నపం. ప్రతి సెట్లో జూనియర్ ఆర్టిస్టులకూ డ్యాన్సర్లకూ గడియ ఉన్న మరుగుదొడ్డి, బకెట్టు నీళ్లు, మూత ఉన్న డబ్బా ఏర్పాటు చెయ్యండి. కప్పా, గుడ్డా, ప్యాడా అన్నది వాళ్లే తేల్చుకుంటారు.