ప్రభుత్వ కంప్యూటరు సేవలు - స్థానిక ప్రతిభ

ప్రభుత్వానికీ ప్రజలకూ నడుమ ఒకప్పుడు ఉండినది గుమాస్తా గారి బల్ల. నేడు ఆ స్థానాన్ని చాలవరకు కంప్యూటరు తెర ఆక్రమించినది. ఆదాయ ధ్రువపత్రం కావలెనన్నా, భూమి నకలు కావలెనన్నా, విద్యార్థి వేతనం కావలెనన్నా ముందుగా ఒక ఫారం పూరించక తప్పదు. ఆ ఫారం ఎవరో ఎక్కడో కూర్చుని రూపొందించినదే. వారికి మన ఊళ్లు, మన పేర్లు, మన వాడుకలు ఎంతవరకు తెలుసునన్నదే ఈ వ్యాసంలో మేము పరిశీలింపదలచిన విషయం.

విషయం అల్పంగా తోచవచ్చును. కాని మన కోస్తా జిల్లాలలో ‘షేక్’ అన్నది ఇంటిపేరు వలె ముందు నిలుస్తుంది. పదవ తరగతి మెమోలో షేక్ రజియా అయిన బాలికయే బ్యాంకు పుస్తకంలో ఎస్.కె. రజియా, ఆధార్ కార్డులో రజియా షేక్. ఈ ముగ్గురూ ఒక్కరేనని మన వీధి చివర సోడాబండి వానికి సైతం తెలుసును, యంత్రానికి తెలియదు. మహమ్మద్‌ను ‘ఎం.డి.’ అని కుదించి వ్రాయడం మనకు పరిపాటి. పరాయిచోటి వారు దానిని వైద్యపట్టా అనుకున్నా ఆశ్చర్యపడనక్కరలేదు! మా తరగతిలోని ఒక విద్యార్థిని వేతనపు దరఖాస్తు ‘పేరు సరిపోలలేదు’ అన్న ఒక్క మాటతో రెండుమార్లు తిరిగివచ్చినది. ఆమె తండ్రి రెండు దినాల కూలి మానుకొని ధ్రువపత్రాలు పట్టుకొని తిరిగినాడు. తప్పు ఆమెది కాదు, ఆ గుమాస్తాదీ కాదు. తెరపై ఆ గడిని అమర్చిన చేతిది.

ధనముంటే ఇట్టివి సర్దుకుంటాయని కొందరి భావన. అమెరికా అనుభవం అందుకు విరుద్ధంగా ఉన్నది. అక్కడి ఆరోగ్య బీమా చట్టం క్రింద 2013 అక్టోబరు 1న హెల్త్‌కేర్.గవ్ అనే వెబ్‌సైటును తెరచినారు. 36 రాష్ట్రాల ప్రజలకు అదే ద్వారం. తొలినాడు నమోదు పూర్తిచేయగలిగినవారు 6 మంది! పనిని పదుల కాంట్రాక్టులుగా విభజించినారు గాని, ముక్కలన్నీ కలిపి నడుస్తున్నవో లేవో సకాలంలో చూచి బాధ్యత వహించే సాంకేతికుడు ప్రభుత్వ పక్షాన లేడు. మొదటినుండి చివరివరకు జరుపవలసిన పరీక్షకు సమయమూ చాలలేదు. పిదప మైకీ డికర్సన్ మొదలైన కొద్దిమంది ఇంజనీర్లు వచ్చి, లోపం ఎక్కడున్నదో కనిపెట్టే ఏర్పాటు చేసి, ప్రతిదినం అందరినీ ఒకచోట కూర్చుండబెట్టి మాట్లాడించినారు. రెండు నెలలకు వెబ్‌సైటు దారికి వచ్చినది. ఈ అనుభవం మీదనే 2014 ఆగస్టులో ప్రభుత్వంలోనే యు.ఎస్. డిజిటల్ సర్వీస్ అనే సాంకేతిక బృందాన్ని నెలకొల్పినారు. 2025 జనవరిలో దాని పేరూ స్వరూపమూ మారిపోయినవి. అది వేరు కథ.

మనకు ఈ పాఠం అమెరికానుండి దిగుమతి కానక్కరలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో రిజిస్ట్రేషన్ శాఖ ‘కార్డ్’ పథకాన్ని ప్రారంభించినది. అంతకుముందు దస్తావేజులను చేతివ్రాతతో పుస్తకాలలోనికి ఎక్కించేవారు, ఇ.సి. కోసం పాత పుస్తకాలు తిరగవేయవలసివచ్చేది. దానికి సాఫ్ట్‌వేర్ సమకూర్చినది ప్రభుత్వ సంస్థయైన ఎన్.ఐ.సి. అటుపిమ్మట 1999 డిసెంబరులో జంటనగరాలలో ‘ట్విన్స్’ పేరిట బంజారాహిల్స్‌లో ఒక్క కేంద్రాన్ని తెరచి, దాని మంచిచెడ్డలు చూచుకొని, 2001లో ‘ఈ-సేవ’గా విస్తరించినారు. కరెంటు బిల్లుకు ఒక వరుస, నీటి బిల్లుకు మరొక వరుస అవసరం లేకుండ ఏ కౌంటరులోనైనా ఏ పనైనా జరిగే పద్ధతి అది. 2011లో ‘మీసేవ’ వచ్చినది. కార్డ్ వచ్చినా దస్తావేజు లేఖరులు మాత్రం ఆఫీసుల ముందునుండి కదలలేదన్నదీ నిజమే. యంత్రం కౌంటరు లోపలి పనిని మార్చినంత సులభంగా వెలుపలి చెట్టునీడను మార్చలేదు.

మరి మన ఊరి కంప్యూటరు పట్టభద్రుడు ఈ పనులలో ఎందుకు కానరాడు? అతడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో కూర్చుని అన్యదేశపు బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ వ్రాస్తున్నాడు. టెండరు షరతులలో ఇన్ని కోట్ల టర్నోవరు, ఇన్నేళ్ల అనుభవం అని ఉన్నప్పుడు ముగ్గురు నలుగురు యువకుల చిన్న సంస్థ గడప దాటలేదు. 2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నియమావళి స్టార్టప్‌లకు ఈ రెండు షరతులనూ సడలించే వీలు కల్పించినది. అయితే వీలు ఉండడం వేరు, టెండరు కాగితం తయారుచేసే అధికారి దానిని వాడుకోవడం వేరు. మా దృష్టిలో అంతకన్న ముఖ్యమైనది పనిని చిన్న భాగాలుగా ఇచ్చి, ఒక మండలంలో నడిపి చూచి, ప్రతి భాగాన్నీ తూచగల సాంకేతికుని ప్రభుత్వమే జీతమిచ్చి ఉంచుకోవడం. తూచేవాడు లేకుండ చిన్న సంస్థకిచ్చినా పెద్ద సంస్థకిచ్చినా ఫలితం ఒక్కటే.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. రాబోవు దరఖాస్తుల ఋతువులో కంప్యూటరు విభాగపు విద్యార్థులు ఇద్దరిని గ్రంథాలయపు వరండాలో ఒక బల్ల వేసి కూర్చుండనీయవలెను. తిరిగివచ్చిన ప్రతి దరఖాస్తునూ, ఏ గడి వద్ద ఏ కారణాన తిరిగినదో, పేరు ఏ ఏ కాగితంలో ఎట్లున్నదో వారు రిజిస్టరులో వ్రాస్తారు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలోనూ పేరు వ్రాసి చూపగలవారు మన వద్ద ఉన్నారు. ఇతర కళాశాలలకు ఈ సౌలభ్యం అరుదు. ఋతువు ముగిసిన పిదప ఆ రిజిస్టరు నకలును జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయానికి అందజేయవచ్చును. బల్ల, రిజిస్టరు సమకూర్చే బాధ్యత తెలుగు శాఖ వహిస్తుంది.