కార్ల ఫ్యాక్టరీలో ప్రమాదం ఎవరి వాటా?

కార్ల ఫ్యాక్టరీ అనగానే రోబోలు కళ్ల ముందు మెదులుతాయి. కానీ ప్రమాదాన్ని చూడాల్సిన చోటు పెయింట్ షాపు. కారు బాడీని ముందు ఫాస్ఫేట్ ద్రావణంలో ముంచుతారు. అందులో జింక్, నికెల్ లాంటి లోహాలుంటాయి. రంగుల్లోని జైలీన్ వంటి ద్రావకాలు ఆవిరవుతాయి, ఇట్టే అంటుకుంటాయి. వాడిన నీటిని శుద్ధి చేశాక ట్యాంకు అడుగున బురద మిగులుతుంది.

రంగు వేయడానికి రోబో ఉంది. బురద ఎత్తడానికి చాలాచోట్ల కాంట్రాక్టు కార్మికుడే దిక్కు. ఊడ్చే, ఎత్తే పనులు దళితవాడలకే ఎందుకు చేరతాయో మనకు తెలుసు. అందుకే కంపెనీ లెక్కగట్టిన ప్రమాదాల్లో ఈ పని ఉందా అని మేము ముందు చూస్తాం.

భోపాల్ తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో 41బి సెక్షన్ చేర్చారు. ప్రమాదకర ప్రక్రియలు నడిపే యాజమాన్యం ఆ వివరాలను కార్మికులకే కాదు, చుట్టుపక్కల ప్రజలకూ చెప్పాలి. 2020 వృత్తి భద్రత కోడ్‌లోనూ ఈ బాధ్యత ఉంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం బురద ఎంత, ఎక్కడికి వెళ్లిందో మ్యానిఫెస్ట్‌లో రాయాలి. దాని ప్రతి కాలుష్య నియంత్రణ మండలికి చేరాలి.

ఆ కాగితాలను సమాచార హక్కు చట్టం కింద అడగండి. ట్యాంకులో దిగే ముందు గ్యాస్ పరీక్ష చేశారా, పైన ఒక మనిషి కాపలా ఉన్నాడా అని దిగినవాళ్లనే అడగండి.