గుక్కెడు నీటి గోడు.. తెర మీద చూపిస్తేనే!
* తాగునీరు హక్కేనన్న పోప్ లేఖ
* మన జిల్లాకు సరిగ్గా సరిపోయే మాట

రాయచూరు: ఉత్తరాన కృష్ణమ్మ.. దక్షిణాన తుంగభద్ర. రెండు నదుల నడుమ ఉన్న జిల్లాకు నీళ్ల బాధేంటని బయటివాళ్లు అడుగుతుంటారు. 2022 మే నెలాఖరులో రాయచూరు పట్టణంలోనే కలుషిత నీళ్లు తాగి పలువురు ఆస్పత్రుల పాలయ్యారు. ప్రాణాలూ పోయాయి. నది పక్కనున్నంత మాత్రాన మంచినీళ్లకు భరోసా లేదని అప్పుడు తేలిపోయింది.

దానికి ఏడేళ్ల ముందే, 2015లో, దివంగత పోప్ ఫ్రాన్సిస్ 'లౌదాతో సి' అనే లేఖ వెలువరించారు. పరిశుభ్రమైన తాగునీరు ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కని అందులో స్పష్టం చేశారు. ప్రకృతిని పాడుచేస్తే ముందుగా దెబ్బతినేది పేదోడేనన్నది ఆ లేఖ సారాంశం.

లేఖ నుంచి తెరకు..
246 పేరాల లేఖను ఎంతమంది కూర్చుని చదువుతారు? అందుకే అది సినిమా అయింది. నికోలస్ బ్రౌన్ తీసిన 'ది లెటర్' డాక్యుమెంటరీ 2022 అక్టోబరు 4న యూట్యూబ్‌లో విడుదలైంది. సెనెగల్ యువకుడు, అమెజాన్ ఆదివాసీ నాయకుడు, హవాయి శాస్త్రవేత్తలు, మన దేశం నుంచి రిధిమా పాండే అందులో పోప్‌ను కలిసి తమ గోడు చెప్పుకొన్నారు. తొమ్మిదేళ్ల వయసులోనే, 2017లో, వాతావరణ మార్పులపై జాతీయ హరిత ట్రైబ్యునల్ తలుపు తట్టిన అమ్మాయే ఈ రిధిమా.

సినిమా, రేడియో, టీవీలను మంచికి వాడుకోవాలని రెండో వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది. తెలుగులో ఆ పని చేస్తున్న కేథలిక్ సంస్థ సికింద్రాబాద్‌లోని అమృతవాణి.

మన కథ మనమే..
చూపించడానికి రాయచూరులో కథలకు కొదవలేదు. కృష్ణ ఒడ్డున శక్తినగర్ థర్మల్ కేంద్రం 1985 నుంచి కరెంటు ఇస్తోంది. మన దేశపు బొగ్గులో 30 నుంచి 40 శాతం దాకా బూడిదే. వెలుగు ఊరూరికీ వెళ్తుంది, బూడిద మాత్రం ఇక్కడే మిగులుతుంది. కాలువ కింద వరి మడుల్లో ఉప్పు తేలిన నేలలున్నాయి. బిందెలతో బారులు తీరే ఆడవాళ్లున్నారు.

ఏటా సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 దాకా చర్చిల్లో 'సృష్టి కాలం' పాటిస్తారు. ముద్గల్‌లో పురాతన చర్చి ఉన్న జిల్లా ఇది. ఆ నెలలో కుర్రాళ్లు సెల్‌ఫోన్లు పట్టుకుని చెరువు దగ్గరికో, బోరింగు దగ్గరికో వెళ్తే చాలు. అవ్వ చెప్పే మాటను తెలుగులోనో కన్నడంలోనో ఉన్నదున్నట్టు తీసి, గుడి, మసీదు, చర్చి తేడా లేకుండా ఊరందరికీ చూపించొచ్చు. నీళ్లకు మతం లేదు కదా!