భోగి మంట ఎందుకు వేస్తారు?

పోయిన వారం తెలుగు క్లాసులో ఒక అబ్బాయి అడిగాడు: "టీచర్, ముసఫ్ఫాలో చలే ఉండదు కదా, మనకి భోగి మంట ఎందుకు?" మంచి ప్రశ్న. అప్పటికప్పుడు నాకు సరైన జవాబు తోచలేదు. అందుకే ఈ పాఠం రాశాను.

ముందు చలి సంగతి చూద్దాం. జనవరిలో ఇక్కడ తెల్లవారుజామున 14 డిగ్రీల దాకా దిగుతుంది. పొగమంచు పట్టిందంటే గంటకి 80 కిలోమీటర్లు దాటొద్దని అబుదాబి రోడ్ల మీద బోర్డులు వెలుగుతాయి. ఆ రోజు స్కూల్ బస్సు ఆలస్యమైతే మీకు ఎంత సంతోషమో నాకు తెలుసు! కానీ మధ్యాహ్నానికి స్వెటర్ తీసేస్తాం.

మన ఊళ్లలో కూడా చలి అంతటా ఒకేలా ఉండదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో లంబసింగి అని కొండ మీద ఒక ఊరుంది. అక్కడ కొన్ని రాత్రులు సున్నా డిగ్రీల దగ్గరికి వెళ్తుంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. కొర్ర అంటే కర్ర, బయలు అంటే బయట. రాత్రి బయట పడుకుంటే పొద్దున్నకి కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరు పెట్టారట. సముద్రం పక్కనున్న కోనసీమలో అయితే ఒక దుప్పటి చాలు. అయినా భోగి మంట అక్కడా వేస్తారు. అంటే అది చలి కాచుకోడానికి మాత్రమే కాదన్నమాట.

గోదావరి జిల్లాల్లో ఈ మంటకి పిల్లలే నెల ముందు నుంచి పని మొదలుపెడతారు. ఆవు పేడని చిన్న చిన్న బిళ్లలుగా తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి ఎండబెడతారు. వీటిని భోగి పిడకలు అంటారు. ("ఛీ, పేడా!" అనకండి. ఎండాక వాసనే ఉండదు.) ఎండిన పిడకల్ని తాడుకి గుచ్చి దండ చేస్తారు. భోగి రోజు ఇంకా చీకటి ఉండగానే లేచి, ఇంట్లో పనికిరాని పాత చెక్కసామాను, తాటాకులు, దుంగలు వేసి మంట రాజేస్తారు. పిల్లలు మంట చుట్టూ తిరిగి తమ దండని అందులో వేస్తారు. ఆ మంట మీదే నీళ్లు కాచి తలంటు పోస్తారు. ఈ మధ్య కొందరు పాత టైర్లు, ప్లాస్టిక్ కూడా వేస్తున్నారు. అది నాకు అస్సలు నచ్చదు. కళ్లు మండే పొగ తప్ప అందులో ఏం లేదు.

ఇప్పుడు స్కాట్లాండ్‌కి వెళ్దాం. అక్కడ ఈశాన్యాన, సముద్రం ఒడ్డున బర్గ్‌హెడ్ అని ఒక చిన్న ఊరు. జనవరిలో ఆ ఊళ్లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది. జనవరి 11 రాత్రి ఊరి వాళ్లు సగానికి కోసిన పీపాలో కట్టెలు, తారు నింపి, దాన్ని ఒక గుంజకి బిగించి వెలిగిస్తారు. దాని పేరు క్లేవీ. మండుతున్న క్లేవీని వంతులవారీగా మోస్తూ ఊరంతా తిప్పుతారు. చివరికి ఒక దిబ్బ మీదికి చేర్చి, ఇంకా కట్టెలు వేసి పెద్ద మంట చేస్తారు. ఒకప్పుడు చర్చి పెద్దలు ఇది తప్పు, మానేయండి అన్నారు. వాళ్లు మానలేదు.

కొత్త సంవత్సరం జనవరి 1న కదా, మరి 11న ఎందుకు? 1752లో బ్రిటన్ తన క్యాలెండర్ మార్చుకుంది. ఆ ఏడాది సెప్టెంబరు 2 తరువాతి రోజు సెప్టెంబరు 14 అయింది. మధ్యలో 11 రోజులు మాయం! బర్గ్‌హెడ్ వాళ్లు మాత్రం పాత లెక్కనే పట్టుకున్నారు. పాత డిసెంబరు 31 కొత్త లెక్కలో జనవరి 11 అవుతుంది.

మన సంక్రాంతి తేదీలో కూడా ఇలాంటి తమాషా ఉంది. చలికాలంలో పగలు పెరగడం డిసెంబరు 22 దగ్గరే మొదలవుతుంది. సంక్రాంతి మాత్రం జనవరి 14న గానీ 15న గానీ వస్తుంది. భూమి బొంగరంలా తిరుగుతూ చాలా నెమ్మదిగా ఊగుతుంది. అందువల్ల క్యాలెండర్‌లో సంక్రాంతి 72 ఏళ్లకి సుమారు ఒక రోజు చొప్పున ముందుకి జరుగుతుంది. స్వామి వివేకానంద 1863 జనవరి 12న పుట్టారు. ఆ రోజు సంక్రాంతి! ఇప్పుడు మీరు 24ని 72తో గుణించండి. దాదాపు అన్నేళ్ల కిందట సంక్రాంతి, పగలు పెరగడం మొదలయ్యే రోజు ఒక్కటే. తేదీ జరిగింది, మంట ఆగలేదు. రాత్రులు పొడుగ్గా ఉండే రోజుల్లో ఊరంతా ఒకచోట చేరడానికే, ఇక్కడైనా అక్కడైనా, ఆ వెలుగు. అబ్బాయి ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇదే.

క్లేవీ గురించి నాకు బాగా నచ్చిన మాట ఇంకొకటి ఉంది. మంట ఆరాక ఊరి వాళ్లు ఆ బొగ్గు ముక్కల్ని అదృష్టమని ఇళ్లకి తీసుకెళ్తారు. వేరే దేశాల్లో ఉంటున్న తమ వాళ్లకి కూడా పంపిస్తారు.

పోయిన భోగికి మా అమ్మ ఫోన్‌లో ఒక ఫోటో పంపింది. పిడకల దండ చాలా చిన్నది. "తట్టే పిల్లలు ఊళ్లో ఎవరున్నారే?" అంది. ఆ పిల్లలు ఇక్కడ, షాబియా ఫ్లాట్లలో ఉన్నారు. ఫ్లాట్‌లో మంట వేయకూడదు, బాల్కనీలో అసలే వద్దు. కానీ భోగి పళ్లు పోయించుకోవచ్చు. సాయంత్రం చిన్న పిల్లల్ని కూర్చోబెట్టి రేగి పళ్లు, చిల్లర నాణేలు, చెరకు ముక్కలు, పూల రెక్కలు కలిపి తల మీద పోస్తారు. రేగి పళ్లు ఇక్కడెక్కడ దొరుకుతాయి అంటారా? ఈ దేశంలో పెరిగే సిద్ర్ చెట్టు మన రేగు చెట్టుకి దగ్గరి చుట్టమే. దాని పండుని అరబ్బీలో నబక్ అంటారు. రెండిటికీ ముళ్లుంటాయి, కోసేటప్పుడు జాగ్రత్త.

ఈ వారం మీ పని: అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి, "చిన్నప్పుడు భోగి మంటలో నువ్వు ఏం వేశావు?" అని అడగండి. ఆవిడ చెప్పింది చెప్పినట్టే, ఆవిడ మాటల్లోనే ఐదు వాక్యాలు రాయండి. తాతయ్యని అడిగితే "ఏమో, గుర్తులేదు" అంటారేమో. అప్పుడు ఫోన్ పెట్టేయకండి, కాసేపు ఆగండి.