అరిగిన రాయికే ఆదరణ!

అదో రాయి. పొడవు జానెడు, వెడల్పు నాలుగు వేళ్లు. ఎన్నేళ్లు వాడారో ఏమో, మధ్యలో గుంటపడింది. ఓ మూల చిట్లింది. పక్కల పూసిన లక్కపూత పెచ్చులూడుతోంది. మన వీధిలో కనిపిస్తే ఏ బావి దగ్గరో కాళ్లు తోముకోవడానికి వేసుకుంటాం. జపాన్‌లోని పాత వస్తువుల సంతలో మాత్రం దాన్ని చేతిలోకి తీసుకుని, తడిపి, వేలితో రుద్ది, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసేవాళ్లుంటారు. నచ్చిందా... వేల యెన్‌లు పోసి కొనుక్కెళతారు. మరీ అరుదైనదైతే ఆ ధర లక్షల యెన్‌లకూ చేరుతుంది!

కత్తి నూరుకునే రాయికి అంత హడావుడా అనిపించొచ్చు. కానీ అది క్యోటో కొండల్లో పుట్టిన రాయి. అక్కడి గనుల్లో దాదాపు అన్నీ మూతపడ్డాయి. కొత్తగా తవ్వి తీసేది బహు తక్కువ. అందుకే ఏ వడ్రంగో, క్షురకుడో, వంటవాడో జన్మంతా వాడి వదిలేసిన రాళ్లే ఇప్పుడు చేతులు మారుతున్నాయి.

రాయి కదలదు... కత్తే కదులుతుంది

సైకిలు స్టాండు వేసి, పెడలు తొక్కుతూ, నిప్పురవ్వలు ఎగజిమ్ముతూ కత్తులకూ కత్తెరలకూ సాన పట్టేవాళ్లు మనకు తెలుసు. జపాన్ పద్ధతి వేరు. అక్కడ చక్రం తిరగదు, రవ్వలు రాలవు. నీళ్లు చిలకరించిన రాయి మీద కత్తిని ఒకే వాలులో పట్టి, ముందుకీ వెనక్కీ మెల్లగా జరుపుతారు. ఒక రాయితో పని అయిపోదు కూడా. పెచ్చులు పోయిన అంచును సరిచేయడానికి మోటు రాయి, ఆ గీతలు పోగొట్టడానికి మధ్యరకం రాయి, చివరగా నునుపు తేల్చడానికి అవాసెదో అనే మెరుగురాయి. మధ్యరకం రాళ్లు కుమమోతో ప్రాంతంలోని అమకుసా దీవుల్లాంటి చోట్ల కూడా దొరుకుతాయి. మెరుగురాయి అనగానే మాత్రం అందరి చూపూ క్యోటో వాయవ్యాన ఉన్న నరుతకి, ఉమెగహత, తకావో కొండల వైపే. అక్కడి నుంచి కమెయోకా దాకా ఆ రాతిపొర అక్కడక్కడా బయటపడింది.

ఆ పొర పుట్టుక కథ వింటే రాయి మీద గౌరవం పెరుగుతుంది. సుమారు 25 కోట్ల ఏళ్ల కిందట భూమ్మీద జీవరాశిలో అత్యధిక భాగం అంతరించిపోయింది. డైనోసార్లు అంతరించినప్పటి విపత్తు కంటే పెద్దది ఇది. అంతకుముందు నడిసముద్రం అడుగున రేడియోలేరియన్లనే సూక్ష్మజీవుల సిలికా గుల్లలు పేరుకుని చెకుముకిలాంటి గట్టి రాయిగా మారుతుండేవి. ఆ జీవులు కూడా దాదాపు మాయమైపోవడంతో గుల్లల వాన ఆగింది. ఖండాల నుంచి గాలికి కొట్టుకొచ్చిన సన్నటి ధూళి మాత్రం పడుతూనే ఉంది. వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పేరుకున్న ఆ బంకమట్టి పొర, సముద్రపు అడుగుతో పాటే జరిగి జరిగి జపాన్‌కు అతుక్కుంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ కాలపు శిలను పిలిచే పేరులోనే 'తోయిషి' ఉంది. తోయిషి అంటే సానరాయే!

గని పనివాళ్లు ఈ శాస్త్రమంతా చదవలేదు గానీ పొరపొరకూ పేరు పెట్టారు. తోమయే ఒకటి, చిన్న చిన్న రంధ్రాలుండే సుయిత ఇంకొకటి. మచ్చలకైతే మరీ ముచ్చటైన పేర్లు. నల్లటి మరకలుంటే కరాసు, అంటే కాకి. బేరిపండు తొక్కలా చుక్కలుంటే నషీజీ. నువ్వులు చల్లినట్టుంటే గోమా. ఎర్రటి ఊదారంగు మరకలు విరిస్తే రెంగె... అంటే తామర. ఈ మచ్చల వల్ల పదును పెరుగుతుందా అంటే చెప్పడం కష్టం. ధర మాత్రం కచ్చితంగా పెరుగుతుంది.

అద్దం కాదు, పొగమంచు

అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ 1891లో కార్బొరండమ్‌ను తయారుచేశాక కృత్రిమ సానరాళ్లకు దారి పడింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్‌లోనూ అవే రాజ్యమేలాయి. చవక. పైగా రాయి మీద అంకె ఉంటుంది. 1000 అంటే రేణువు సుమారు 11 మైక్రాన్లు, 8000 అంటే కాస్త అటూ ఇటూగా ఒక మైక్రాన్. కొన్నవాడికి ఏం వస్తుందో ముందే తెలుసు. కొండరాయికి ఆ అంకె లేదు. ఒకే గనిలో పక్కపక్కనే తవ్విన రెండు రాళ్లు కూడా ఒకలా ఉండవు.

మరి ఇంకా ఈ రాళ్లెందుకు? సంప్రదాయ జపాన్ కత్తినీ, ఉలినీ రెండు లోహాలు అతికి చేస్తారు. ఒంటికి మెత్తటి ఇనుము, అంచుకు గట్టి ఉక్కు. కృత్రిమ రాయి తరచూ రెండింటినీ ఒకేలా తళతళలాడించేస్తుంది. మంచి కొండరాయి మీద నూరితే ఇనుము పొగమంచు కప్పినట్టు మసకబారుతుంది, దాని పక్కన ఉక్కు అంచు విడిగా మెరుస్తుంది. దీన్ని కసుమి అంటారు, ఆ మాటకు అర్థమే పొగమంచు. పచ్చి చేపను పల్చగా కోసే వంటవాళ్లు, పది మైక్రాన్లకన్నా సన్నటి చెక్కపొర లేపేందుకు పోటీలుపడే వడ్రంగులు ఈ రాళ్లను వదలకపోవడానికి చేతికి తెలిసే ఆ తేడానే కారణమంటారు.

మన వంటింట్లో ఉల్లిపాయలు తరిగే చాకుకు ఇవేవీ అక్కర్లేదు. 1000 అంకె ఉన్న మామూలు రాయి చాలు.

నాలుగో వైపు కూడా చూడాలి

ఇంట్లో పెద్దాయన పోతాడు. ఆయన పనిముట్ల పెట్టెలో ఉలులు, రంపాలు, అడుగున నాలుగైదు రాళ్లు. పిల్లలు వేరే ఉద్యోగాల్లో ఉంటారు. వాటి విలువ తెలియక పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తారు. అలా వచ్చిన రాళ్లు నెలనెలా 21న తోజి ఆలయం దగ్గర, 25న కితనో తెన్మాంగూ దగ్గర జరిగే క్యోటో సంతల్లోనూ, 1999లో మొదలైన యాహూ జపాన్ వేలంలోనూ తేలతాయి. తొషియో ఒదాతే జపాన్ వడ్రంగి పనిముట్ల మీద ఇంగ్లిషులో రాసిన పుస్తకం 1984లో వచ్చాక పాశ్చాత్య దేశాల వడ్రంగుల్లోనూ ఆసక్తి పెరిగింది. నడిసముద్రం నుంచి వచ్చిన రాయి మళ్లీ సముద్రాలు దాటుతోంది!

కొనేవాడికి అసలు పరీక్ష ఇక్కడే. రాయి పక్కన సిరా ముద్ర ఉంటుంది. నకయామా గనిదని ముద్ర ఉంటే రేటు అమాంతం లేస్తుంది. ముద్ర కొట్టడానికి నకయామా రాయే కానక్కర్లేదుగా, రబ్బరు స్టాంపు చాలు! వాడిన రాళ్ల మీద అసలు ముద్ర ఎప్పుడో చెరిగిపోయి ఉంటుంది. కంటితో చూసి ఏ గనిదో తేల్చిచెప్పడం అనుభవజ్ఞులకూ కష్టమే. అందుకే పేరును కొనొద్దు, రాయిని కొనమంటారు తెలిసినవాళ్లు.

మందం సంగతీ అంతే. అంచు దగ్గర 25 మిల్లీమీటర్లున్నా నడుమ గుంట 7 మిల్లీమీటర్లుంటే చేతికొచ్చేది 18 మిల్లీమీటర్లే. వజ్రపు పొడి అద్దిన పలకతో రుద్ది చదును చేశాక మిగతాది బురదై పోతుంది. పొరల మధ్య సన్నటి బీట ఉంటే తడిసి, చలికి గడ్డకట్టి ఓ రోజు నిలువునా విడిపోవచ్చు. పక్కలకు లక్క పూసేది నీరు పొరల్లోకి దిగకుండానే. రాయిలో దాగిన గట్టి గీత ఒకటి చాలు, నునుపు తేలాల్సిన అంచును గీరేయడానికి. అది కత్తి పెట్టి చూస్తేగానీ బయటపడదు.

నిజాయితీ ఉన్న అమ్మకందారు రాయిని ముందు చదును చేస్తాడు. పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి ఆరు వైపులా ఫొటోలు తీస్తాడు. కొలతలు, బరువు, బీటలు, ఏ ఉక్కు మీద నూరి చూశాడో చెబుతాడు. ముద్ర లేకపోతే లేదనే అంటాడు. చదును చేయడంలో మందం తగ్గి, చూడటానికి రాయి చిన్నదైనా సరే. బరువు చిన్న విషయం కాదు. 20 సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర వెడల్పు, రెండున్నర మందమున్న రాయి ఇంచుమించు కిలో తూగుతుంది. విదేశాలకు పంపాలంటే తపాలా ఖర్చే కొన్నిసార్లు రాయి ధరను మించిపోతుంది.

మరో తమాషా. బాగా అరిగి గుంటపడ్డ రాయిని చూసి సంబరపడేవాళ్లున్నారు. పనివాడు ఇష్టపడి రోజూ వాడితేనే కదా అరిగేది! నూరేళ్లయినా మందం తరగని రాయిని చూస్తే వాళ్లకు అనుమానం... ఎవరికీ నచ్చక మూలన పడేశారేమోనని.

ఖడ్గానికి బొటనవేలంత

ఈ గిరాకీతో ఇబ్బందిపడేవాళ్లూ ఉన్నారు. జపాన్ ఖడ్గాలకు మెరుగు పెట్టడం ఓ ప్రత్యేక విద్య. క్యోటోకు చెందిన ప్రసిద్ధ కళాకారుడు హోనామి కోయెత్సు (1558-1637) పుట్టింది ఖడ్గాల పరీక్షకూ మెరుగుకూ పేరొందిన వంశంలోనే. ఈ పనిలో బిన్సుయి, కయిసెయి, రెండు రకాల నగురాలు దాటాక ఉచిగుమోరి అనే రాయి రావాలి. ఉక్కును కాచి చల్లార్చినప్పుడు ఖడ్గం అంచు వెంట ఏర్పడే అలలాంటి గీతను కంటికి చూపించేది అదే. దానికి సరిసాటి కృత్రిమ రాయి ఇంతవరకూ రాలేదనేది ఆ పనివాళ్ల మాట. అలాంటి రాయి ఏ సేకర్త అద్దాల బీరువాలోనో కూర్చుంటే పని ఎలా సాగుతుంది?

అందుకే వాళ్లు ముక్కను కూడా పారేయరు. వంకరటింకర తునకల్ని కొప్పా అంటారు, అవి చవగ్గా దొరుకుతాయి. అరిగి పల్చబడిన రాయిని చెక్కకు అతికించి ఇంకొన్నాళ్లు వాడతారు. ఉచిగుమోరి తునకైతే రేకులా అరగదీసి, వెనక జపాన్ కాగితాన్ని లక్కతో అంటించి, గోరంత ముక్కలుగా చేస్తారు. ఆ ముక్కను ఖడ్గం మీద పెట్టి బొటనవేలితో నెమ్మదిగా రుద్దుతూ పోతారు... అది పొడైపోయేదాకా.