చెక్కనేలలో కరెంటు ప్లగ్గు

మన ప్రాంతానికి కరెంటు వచ్చి నూరేండ్లు దాటినది. 1902లో శివనసముద్రం జలపాతం వద్ద పుట్టిన కరెంటు మొదట కోలారు బంగారు గనులకు పోయినది. 1905 ఆగస్టులో బెంగుళూరు నగరంలో దీపాలు వెలిగినవి. ఆనాడు ఇంట ఒక్క దీపమున్నా గొప్పే. ఈనాడు కూర్చున్నచోటల్లా ఒక ప్లగ్గు కావలెను. గోడ దూరమైతే పొడుగాటి తీగె పరచి, దానిమీద జంపఖానా కప్పి, "ఏమౌతుందిలే" అనుకొనడం మన ఇళ్ళలో మామూలే. కాళ్ళకింద నలిగిన తీగె వేడెక్కితే పైనున్న గుడ్డ అంటుకొనవచ్చును. అంతకంటె నేలలోనే సాకెట్టు బిగించుకొనడం మేలు. అయితే చెక్కనేలలో ఆ పని ఆలోచించి చేయించవలెను.

యలహంకలో మా ఇంటి మేడగదికి పలకల నేల. గది నడుమ వ్రాతబల్ల, కుట్టుమిషను వున్నవి. సాకెట్టు పెట్టించేటప్పుడు మేము వడ్రంగిని, లైసెన్సు వున్న ఎలక్ట్రీషియనును ఒకేరోజున పిలిపించితిమి. ఒకరు చేసే రంధ్రం రెండవవారికి అక్కరకు రావలెను గదా! మెయిన్ ఆపి, టెస్టరుతో చూచిన తరువాతనే పలక లేపినారు.

పలకల కింద దూలాలుంటవి. తీగెకు దారి కావలెనని దూలం అంచున గాడి కొట్టరాదు. దాని బలం తగ్గును. దూలం మందానికి సరిగ్గా మధ్యన చిన్న రంధ్రం చేసి, గొట్టంలో తీగె నడిపించవలెను. రంధ్రం పై అంచుకు 50 మిల్లీమీటర్లైనా కిందుగా వుంటే, రేపు పలకకు కొట్టే మేకు తీగెకు తగలదు.

సాకెట్టు కూర్చునే పెట్టె లోహానిదై వుండవలెను. దానికి ఎర్తుతీగె తప్పనిసరి. కొనలు గట్టిగా బిగించవలెను. వదులైన అతుకే వేడెక్కి, పక్కనున్న చెక్కను మెల్లగా మాడ్చును. డిసెంబరు చలికి 2000 వాట్ల హీటరు పెట్టేవారు ఒక లెక్క చూచుకొనవలెను: 230 వోల్టులలో అది దాదాపు 9 ఆంపియర్లు లాగును. 6 ఆంపియర్ల సాకెట్టు దానికి చాలదు. 16 ఆంపియర్లదీ, దానికి తగిన లావు తీగే కావలెను.

ఇక అసలు సంగతి నీళ్ళు. మన ఇళ్ళలో రోజూ తడిగుడ్డ పెట్టనిదే ఇల్లు ఇల్లు కాదు. కావున రబ్బరు అంచు, స్ప్రింగు మూత వున్న నేలసాకెట్టే కొనవలెను. పాకే పిల్లలున్న ఇంట రంధ్రాలకు లోపలి తలుపులు కూడా వుండవలెను. నడిచే దారిలోను, కుళాయి దగ్గరను నేలసాకెట్టు వద్దే వద్దు.

ఇన్ని చేసినా, 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. లేనిదే పని పూర్తికాదు. చాలామంది ఎం.సి.బి. వున్నది చాలునందురు. అది తీగెను కాచును, మనిషిని కాదు. ఆర్.సి.సి.బి. పోయిన కరెంటూ తిరిగి వచ్చిన కరెంటూ సమంగా వున్నవా అని చూచును. మనిషి ఒంటిగుండా కొంత నేలకు జారితే, సెకనులో మూడవవంతు కూడా పట్టకుండా కరెంటు ఆపును. దానిమీద 'టి' అనే మీట వుంటుంది. నెలకొకసారి నొక్కి చూడవలెను. పడిపోకపోతే వెంటనే మార్పించవలెను.

కొత్త ఫ్లాట్లలో సిమెంటు నేలపై పరిచే పలుచని చెక్కరేకులు వేరు. వాటికింద తీగెకు చోటుండదు. రేకులు పరచక ముందే సిమెంటులో గొట్టం, పెట్టె వేయించుకొనవలెను.

గోడ దగ్గరలో వుంటే గోడసాకెట్టే ఎప్పటికీ ఉత్తమం. నేలలో తప్పదనుకొన్నవారు మూతకు, ఎర్తుకు, ఆర్.సి.సి.బి.కి అయ్యే ఖర్చు వద్ద వెనుదీయవద్దని మా మనవి.