అమెరికా బడికి దీపావళి సెలవు

దీపావళికి బడి ఉంటుందా అని మన ధరణికోటలో ఏ తల్లీ అడగదు. అమెరికాలో పిల్లల్ని పెంచుకుంటున్న మన అమ్మాయిలకు మాత్రం ఏటా అదే బెంగ. తలంటి పోసి, కొత్తబట్టలేసి ఇంట్లో ఉంచుకుంటే బడి పోతుంది. బడికి పంపితే పండగ పోతుంది.

ఇప్పుడు కొంత మారింది. న్యూయార్క్ నగరంలోని ప్రభుత్వ బడులకు దీపావళి సెలవిస్తూ 2023 నవంబరులో చట్టం వచ్చింది. 2024 నవంబరు 1న తొలిసారి ఆ సెలవిచ్చారు. కాలిఫోర్నియా కూడా 2025లో దీపావళిని రాష్ట్ర పండుగగా గుర్తించింది. అయితే అక్కడ సెలవివ్వడం ఆయా బడుల ఇష్టం.

ఇవి ఊరికే రాలేదండీ. అక్కడి మనవాళ్లు ఏళ్ల తరబడి అడిగారు. ఆర్మేనియా వాళ్లూ అంతే. వాళ్లు ఎక్కువగా ఉండే గ్లెండేల్ పట్టణంలో, 1915 నాటి మారణకాండలో పోయిన పెద్దల్ని తలుచుకునే ఏప్రిల్ 24న బడులకు సెలవు.

మన ఉగాది మాత్రం పనిరోజున వస్తే, సంఘాల వేడుక శనివారానికో ఆదివారానికో జరుగుతుంది. అందుకని ఊరుకోకండి. సెలవు లేనిచోట ముందుగానే టీచరుకి చీటీ రాసి అనుమతి అడగమని మీ అమ్మాయికి చెప్పండి. ఉగాది పచ్చడిలో ఆరు రుచులెందుకో ఫోనులో మనవడికి మీరే చెప్పండి. వాడు క్లాసులో చెబితే మన పండగేమిటో ఆ బడికీ తెలుస్తుంది. తెలిసిన పండగనేగా ఎవరైనా గుర్తించేది!